కాలువ తవ్విన వైద్యుడు

తెత్సు నకమురా రాసిన ఆత్మకథాత్మక గ్రంథం జపాను భాషలో 2013లో వెలువడింది. ‘ప్రావిడెన్స్ వజ్ విత్ అస్’ అన్న పేరుతో దాని ఇంగ్లీషు అనువాదం 2020లో వచ్చేనాటికి రచయిత లేడు. 2019 డిసెంబరు 4న అఫ్గానిస్తాన్‌లోని జలాలాబాద్‌లో సాయుధులు ఆయన వాహనంపై కాల్పులు జరిపారు. ఆయనతో పాటు డ్రైవరు, అంగరక్షకులు కలిసి మరో ఐదుగురు మరణించారు. అప్పటికి ఆయన వయసు 73. కాబూల్ విమానాశ్రయంలో ఆయన శవపేటికను భుజాన మోసినవారిలో నాటి దేశాధ్యక్షుడు అష్రఫ్ ఘనీ ఒకరు. నకమురా వృత్తిరీత్యా నరాల వైద్యుడు. అయితే ఆ దేశం ఆయనకు అంతటి గౌరవం ఇచ్చింది చేసిన వైద్యానికి కాదు, తవ్వించిన కాలువలకు.

ఈ పుస్తకాన్ని ఒక త్యాగమూర్తి కథగా చదవడం తేలిక. అలా చదివి, కళ్లు తుడుచుకుని, పక్కన పెట్టేయడం ఇంకా తేలిక. నకమురా అటువంటి పఠనానికి పెద్దగా అవకాశమివ్వడు. తన గురించి తక్కువగానూ, రాళ్ల గురించి, ఇసుక గురించి, వరద మట్టం గురించి, కూలీల గురించి ఎక్కువగానూ రాస్తాడు. ఆ వివరాల వెనుక ఒక స్పష్టమైన వాదం ఉంది. యుద్ధం ఆగాక అభివృద్ధి చేపడదామనే మాటను ఆయన ఒప్పుకోడు. పని, తిండి, నీరు ఊరికి తిరిగొస్తే యుద్ధానికి మనుషులు దొరకడం తగ్గుతుందంటాడు. దానికి మరో షరతు కూడా ఉంది. ఆ పని ఊరివాళ్ల చేతులతో మరమ్మతు చేసుకోగలిగినదై ఉండాలి. ఈ రెండో మాటే పుస్తకానికి గుండెకాయ. దాతృత్వం గురించి మాట్లాడేవారు తరచుగా మరిచిపోయేదీ ఇదే.

నకమురా 1946లో ఫుకువోకాలో పుట్టాడు. యుద్ధకాలపు జపానులో పేరు మోసిన నవలాకారుడు హినో అషిహెయి ఆయనకు మేనమామ. 1973లో క్యూషూ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందాడు. చిన్ననాటి నుంచీ పురుగులు, సీతాకోకచిలుకలంటే పిచ్చి. హిందూకుష్ పర్వతాలపై ఆసక్తి మొదట ఆ దారినే కలిగింది. 1978లో తిరిచ్ మీర్ శిఖరానికి వెళ్లే పర్వతారోహక బృందానికి వైద్యుడిగా అక్కడ అడుగుపెట్టాడు. దారి పొడుగునా ఊళ్లలోని రోగులు డాక్టరు వచ్చాడని విని గుమిగూడేవారు. బృందం కోసం తెచ్చిన మందులు తప్ప చేతిలో ఏమీ లేవు. చేయగలిగింది దాదాపు శూన్యం. చూసి, ఓదార్చి, ముందుకు సాగిపోవలసి వచ్చిన ఆ అనుభవం ఆయనను వదల్లేదు. 1984లో పాకిస్తాన్‌లోని పెషావర్ మిషన్ ఆసుపత్రిలో కుష్ఠు విభాగానికి వెళ్లి చేరాడు. ఆయనకు అండగా జపానులోని మిత్రులు అంతకు ముందు ఏడాదే ‘పెషావర్-కాయ్’ అనే సంఘాన్ని స్థాపించారు. చివరి దాకా ఆయన పనికి ప్రధానాధారం సాధారణ జపాను పౌరులు ఆ సంఘానికి పంపిన చిన్న చిన్న విరాళాలే.

కుష్ఠు విభాగంలో ఆయన చేసిన తొలి పనులలో ఒకటి చెప్పుల తయారీశాల పెట్టడం. కుష్ఠురోగంలో నరాలు దెబ్బతిని అరికాలికి స్పర్శ పోతుంది. మేకు గుచ్చుకున్నా, రాయి కోసుకున్నా తెలియదు. పుండు పడి, ముదిరి, ఎముక దాకా పోయి చివరికి కాలు తీసేయవలసి వస్తుంది. పుండు మానిపి ఇంటికి పంపిన రోగి మరికొన్ని నెలలకే అదే పుండుతో తిరిగొస్తాడు. ఈ రానుపోను తిరుగుడును ఆపేది శస్త్రచికిత్స కాదు, మెత్తని అడుగున్న చెప్పుల జత. అయితే ఆ చెప్పులు ఆ ప్రాంతపు జనం మామూలుగా తొడుక్కునే తీరులో ఉండాలి. లేకుంటే చూసినవాళ్లకు రోగం సంగతి తెలిసిపోతుందని ఎవరూ వేసుకోరు. డిచ్‌పల్లి, సాలూరు కుష్ఠు ఆసుపత్రుల చరిత్ర ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ సంగతి కొత్త కాదు. తరువాత ఆయన చేసిన పనులన్నింటికీ బీజం ఈ చెప్పుల్లోనే కనిపిస్తుంది. జబ్బు పుట్టేచోటికి వెళ్లడం, అక్కడి వాళ్ల చేతులతో, అక్కడి అలవాటుకు తగినట్టు మందు తయారుచేయడం ఆయన పద్ధతి.

రోగులలో చాలామంది సోవియట్ యుద్ధం తరిమిన అఫ్గాన్ శరణార్థులు. వారి ఊళ్లలో వైద్యుడు లేకపోతే పెషావర్‌లో కూర్చుని చేసే వైద్యానికి అర్థం లేదని ఆయన గ్రహించాడు. 1991లో సరిహద్దు దాటి నంగర్‌హార్ రాష్ట్రంలోని దరాయె నూర్ లోయలో తొలి వైద్యశాల తెరిచాడు. మరికొన్ని మారుమూల లోయలకూ ఆ పని విస్తరించింది. అలా సాగి ఉంటే నకమురా పేరు మంచి మిషనరీ వైద్యుల జాబితాలో ఒకటిగా నిలిచేది. 2000లో వచ్చిన కరువు ఆ కథను మలుపు తిప్పింది.

ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం అఫ్గానిస్తాన్‌లో 1 కోటి 20 లక్షల మంది కరువు బారిన పడ్డారు. వారిలో 40 లక్షల మంది ఆకలి అంచున, 10 లక్షల మంది చావు అంచున ఉన్నారు. ఆ దేశపు నీటి నిల్వ చెరువుల్లో లేదు, కొండల మీది మంచులో ఉంది. చలికాలంలో పడిన మంచు వేసవిలో మెల్లగా కరిగి ఏరులై పారుతుంది. డబ్బు లేకున్నా బతకవచ్చు గానీ మంచు లేకుండా బతకలేమన్న అర్థంలో అక్కడొక సామెతే ఉంది. ఆ మంచు తగ్గింది. ఉన్నది ముందే కరిగి వరదై పోయింది. పంటకాలంలో ఏరులు ఎండాయి. దరాయె నూర్ వైద్యశాల ముందు తల్లులు బిడ్డలను ఎత్తుకుని నిలబడ్డారు. వంతు వచ్చేలోగా ఒడిలోనే ప్రాణం పోయిన పిల్లలున్నారు. ఆ పిల్లల జబ్బు విరేచనాలు. జబ్బుకు కారణం మురికినీరు, మురికినీటికి కారణం మంచినీరు లేకపోవడం. తిండి లేక నీరసించిన ఒంటికి ఆ జబ్బు చాలు. ఏ వైద్య విద్యార్థికైనా తెలిసిన సంగతే ఇది. తెలిసిన తరువాత ఏం చేయాలన్నదే ప్రశ్న. నకమురా బావులు తవ్వించడం మొదలుపెట్టాడు.

కొన్నేళ్లలో దాదాపు 1600 బావులు తయారయ్యాయి. కారేజ్ అనే పాతకాలపు భూగర్భ కాలువలు పదుల సంఖ్యలో మళ్లీ పారాయి. కొండ అడుగున నీటి ఊట పట్టి, నేల లోపలి సొరంగం గుండా వాలు మీద నీటిని ఊరికి చేర్చే ఏర్పాటు అది. ఖాళీ అయిన ఊళ్లకు జనం తిరిగొచ్చారు. అయినా భూగర్భజలం ఏటికేడు దిగజారుతూనే ఉంది. బావులు తాగునీటిని ఇవ్వగలవు గానీ పొలాలను తడపలేవు. పొలం తడవకపోతే తిండి లేదు. తిండి లేనివాడు మళ్లీ శరణార్థి శిబిరానికి పోతాడు, లేదా కూలి ఇచ్చే సైన్యంలో చేరతాడు. ఆ సైన్యం ఎవరిదన్నది అతనికి రెండో ప్రశ్న.

ఈ దశలో బయటి ప్రపంచం ఏం చేస్తున్నదో రాసిన భాగం పుస్తకంలో అత్యంత కటువైనది. కరువు తీవ్రంగా ఉండగానే 2000 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తాలిబాన్ పాలనపై ఆంక్షలను బిగించింది. 2001 మార్చిలో బామియాన్ బుద్ధ విగ్రహాలను కూల్చినప్పుడు ప్రపంచమంతా ఏకకంఠంతో శోకించింది. అదే దేశంలో నీళ్లు లేక చనిపోతున్న పిల్లల గురించి అటువంటి శోకం వినిపించలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 11 తరువాత అందరి చూపూ అఫ్గానిస్తాన్ మీద పడింది, బాంబర్లతో సహా. అక్టోబరులో జపాన్ పార్లమెంటు ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చిన నకమురా, అమెరికా యుద్ధానికి తోడుగా జపాను ఆత్మరక్షణ దళాలను పంపాలన్న ప్రతిపాదన ఉపయోగం లేకపోగా హాని చేస్తుందని నిర్మొహమాటంగా చెప్పాడు. సభలో అభ్యంతరాలు రేగాయి. ఆయన జవాబు మాటల్లో కాక గోధుమపిండి రూపంలో ఇచ్చాడు. బాంబులు పడుతున్న రోజుల్లోనే ఆయన బృందం కాబూల్ పేదవాడల్లో పిండి, నూనె పంచింది. దాని కోసం జపాను జనం కుమ్మరించిన విరాళాలే కాలువకు పెట్టుబడి అయ్యాయి.

2003 మార్చి 19న, ఇరాక్ యుద్ధం మొదలు కావడానికి సరిగ్గా ముందు, కునార్ నది ఒడ్డున పని ప్రారంభమైంది. చిత్రాల్ మంచుకొండల నుంచి దిగివచ్చే ఈ నది కరువులోనూ ఎండదు. దాని పక్కనే వేల ఎకరాలు బీడుపడి ఉన్నాయి. నీరు కళ్లెదుట పారుతున్నా పొలానికి ఎక్కదు. కాలువకు పెట్టిన పేరు మర్వారీద్. అంటే ముత్యం. అంతకు మూడు నెలల ముందు, 2002 డిసెంబరులో, నకమురా పదేళ్ల కొడుకు మెదడులో కణితితో చనిపోయాడు. తండ్రి నరాల వైద్యుడు. ఏ గ్రంథంలో చూసినా దారి లేదని అందరికన్నా ముందు తెలిసినవాడు. ఈ విషయాన్ని ఆయన కొద్ది మాటల్లో ముగిస్తాడు. బిడ్డలను పోగొట్టుకున్న అఫ్గాన్ తల్లిదండ్రుల దుఃఖం తనకు అప్పుడు పరాయిది కాకుండా పోయిందన్న భావం మాత్రం ఆ పేజీల్లో నిలిచిపోతుంది.

వైద్యుడికి జలవనరుల శాస్త్రం రాదు. కూతురి పాఠశాల గణిత పుస్తకాలు అడిగి తీసుకుని లెక్కలు మళ్లీ నేర్చుకున్నాడు. వాలు, ప్రవాహవేగం, కాలువ వెడల్పు, లోతు తానే లెక్కించాడు. అసలు చిక్కు నది నుంచి నీటిని మళ్లించేచోట వచ్చింది. వేసవిలో కునార్ బండరాళ్లను దొర్లించుకుపోయే వరదతో వస్తుంది. చలికాలంలో బాగా కిందికి దిగుతుంది. వరదకు తట్టుకోవాలి, నీరు తగ్గినప్పుడూ కాలువకు అందాలి. కాంక్రీటు, ఉక్కు తలుపులు, భారీ యంత్రాలు కొనే స్తోమత లేదు. ఒకవేళ కొన్నా, చెడిపోతే బాగుచేసేవాడు లేడు. పరిష్కారం ఆయన సొంత ఊరి దగ్గరే దొరికింది. ఫుకువోకా ప్రాంతంలో చికుగో నది మీద 1790లో రైతుల కోసం కట్టిన యమదా ఆనకట్ట ఉంది. విద్యుత్తు, సిమెంటు లేని కాలంలో, నది వెడల్పంతా ఏటవాలుగా రాళ్లు పరిచి కట్టినది. ప్రవాహానికి అడ్డంగా నిలబడకుండా ఏటవాలుగా ఉండటం వల్ల వరద తాకిడి ఒక్కచోట పడక పరుచుకుంటుంది. నీటిమట్టం మాత్రం అవసరమైనంత పెరుగుతుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నకమురా ఆ ఆనకట్ట దగ్గరికి వెళ్లి గమనించేవాడు. రెండు శతాబ్దాల కిందటి జపాను రైతుల తెలివి కునార్ నదికి అలా చేరింది.

కాలువ గట్లకూ అదే సూత్రం. ఇనుప తీగెతో అల్లిన బుట్టల్లో రాళ్లు నింపి పేర్చడం, వాటి వెనుక విల్లో కొమ్మలు నాటడం. ఇంజనీర్లు గేబియన్ అనే ఈ బుట్ట పగిలితే మరొకటి అల్లుకోవచ్చు. తీగె కొన్నేళ్లకు తుప్పు పట్టినా, ఈలోగా విల్లో వేళ్లు రాళ్ల మధ్యకు చొచ్చుకుపోయి వలలాగా పట్టి ఉంచుతాయి. ఎండుతున్న గట్టును చెట్టే కాపాడుతుంది. అఫ్గాన్ పల్లెల్లో ఇల్లు కట్టుకునేదీ మట్టితో, రాతితో. రాయిని ఎలా పేర్చాలో అక్కడి రైతుకు ఏ ఇంజనీరూ నేర్పనక్కరలేదు. ఆధునిక సాంకేతికత తెచ్చిపెట్టే గొప్ప సమస్య, అది చెడిపోయిన రోజున దాని యజమాని ఎవరో తేలిపోవడం. విడిభాగం కోసం విదేశం వైపు చూడవలసి వస్తే ఆ కాలువ ఊరిది కాదు. నకమురా కాలువ పగిలిన రోజున కూడా ఊరిదే.

పనిలో చేరినవారెవరన్నది మరో ఆసక్తికరమైన అంశం. వారిలో ఒకనాడు సోవియట్ సేనలతో పోరాడినవారు, తాలిబాన్‌లో పనిచేసినవారు, అమెరికా పక్షాన కూలికి తుపాకీ పట్టినవారు ఉన్నారు. వారందరికీ ఇచ్చినది రోజు కూలి. ఏ సిద్ధాంత బోధా చేయలేదు, ఏ సయోధ్య సదస్సూ పెట్టలేదు. ఒకే గట్టు మీద రాళ్లు మోసేవారికి పాత పగలు గుర్తుండవని కాదు. ఆ గట్టు తెగితే అందరి పొలాలూ ఎండుతాయన్నది పగకన్న దగ్గరి సంగతి. ఊళ్లో కుటుంబంతో కలిసి ఉండటం, మూడు పూటలా తినడం, ఈ రెండు కోరికలు తీరితే చాలామంది తుపాకీ పట్టరన్నది ఆయన దృఢాభిప్రాయం. దీన్ని అమాయకత్వమని కొట్టిపారేసేవారు ఒకటి గమనించాలి. ఈ మాట అన్నవాడు ఆ దేశంలో మూడు దశాబ్దాలు ఉన్నాడు. ప్రభుత్వాలు మారాయి, సైన్యాలు వచ్చి వెళ్లాయి, కాలువ పని మాత్రం ఆగలేదు.

ఆగకపోవడానికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 2003లో కాలువ దారిలో బండలు పేల్చుతుంటే, దాడి జరుగుతోందనుకుని అమెరికా హెలికాప్టర్లు పనివాళ్లపై కాల్పులు జరిపాయి. ఒకప్పుడు వాహనాలపై జపాను జెండా బొమ్మ రక్షణగా ఉండేది. ఆయన దేశం అమెరికా యుద్ధానికి తోడ్పడుతున్నదన్న మాట వ్యాపించాక ఆ జెండానే చెరిపేయవలసి వచ్చింది. 2008 ఆగస్టులో ఆయన బృందంలో వ్యవసాయ పనులు చూసే 31 ఏళ్ల జపాను యువకుడిని అపహరించి చంపారు. మిగిలిన జపాను సహచరులను వెనక్కి పంపివేసి తాను ఉండిపోయాడు. అన్ని ఏళ్లూ ఆయనకు అసలైన కవచం ఊరి పెద్దల సభ, జిర్గా. పని ఎక్కడ, ఎలా, ఎవరి భూమి గుండా అన్నది ఆ సభలోనే తేలాలి. నదికి ఒక గట్టున కట్టిన ఆనకట్ట ఎదుటి గట్టును కోసేయగలదు. అందుకే మర్వారీద్ తలదగ్గర కట్టు చివరికి ఎదుటి గట్టు మీది కష్‌కోట్ ప్రాంతానికి కూడా నీరిచ్చేలా రెండు గట్లనూ కలిపి నిర్మించారు. నీటి పంపకం తేలని చోట నీరే కొత్త యుద్ధమవుతుందని ఆయనకు తెలుసు.

కాలువ పక్కన ఆయన ఒక మసీదు, మదరసా కూడా కట్టించాడు. నకమురా క్రైస్తవుడు. మదరసా అనే మాటే ఉగ్రవాదానికి పర్యాయపదంగా చలామణి అవుతున్న రోజులవి. విదేశీ సంస్థలు ఆ పనికి దూరంగా ఉండేవి. ఆయన వాదం సరళమైనది. అక్కడ మదరసా అంటే అనాథ పిల్లలకు చదువు, తిండి దొరికేచోటు, ఊళ్ల మధ్య తగవులు తీరేచోటు. అది లేకుండా కాలువ ఉన్నా ఊరు ఊరుగా నిలబడదు. శంకుస్థాపన నాడు ఊరి పెద్దలు కాలువ కన్న దీనికే ఎక్కువ సంతోషించారని ఆయన ఏ నొచ్చుకోలూ లేకుండా రాస్తాడు. సహాయం చేసేవాడు తనకు నచ్చినది ఇవ్వడం ఒక ఎత్తు, తీసుకునేవాడికి కావలసినది ఇవ్వడం మరో ఎత్తు.

2010 నాటికి మర్వారీద్ కాలువ దాదాపు 25 కిలోమీటర్లు సాగి గంబేరీ ఎడారిని చేరింది. తరువాత పాత కాలువల తలదగ్గర కట్టిన మరికొన్ని కట్లనూ కలుపుకుంటే, పెషావర్-కాయ్ చెప్పే లెక్క 16,500 హెక్టార్లు, అంటే 40 వేల ఎకరాలకు పైగా, 6 లక్షల 50 వేల మందికి ఆధారం. ఎడారి గాలికి అడ్డుగా లక్షల చెట్లు లేచాయి. గోధుమ, వరి, చెరకు, నారింజ పండాయి. తేనెటీగల పెంపకం వచ్చింది. ఒకప్పుడు ఖాళీ అయిన ఊళ్లకు శరణార్థులు తిరిగొచ్చారు. ఒక కాలువ వంద వైద్యశాలల పెట్టు అన్న భావాన్ని ఆయన తరచూ చెప్పేవాడు. వైద్యవృత్తిని కించపరచడానికి అన్నది కాదు అది. వైద్యం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే మాట.

తెలుగు పాఠకుడు ఈ పుస్తకం చదువుతుంటే ధవళేశ్వరం గుర్తుకురాక మానదు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. గోదావరి జిల్లాలూ వరుస కరువులతో, తుపానులతో చితికిపోయాయి. ఆ నేపథ్యంలో ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట డెల్టా బతుకును మార్చింది. కాటన్ కూడా కావేరి మీది ప్రాచీన కల్లణైని చూసి, ఇసుక నేల మీద రాతికట్టు ఎలా నిలుస్తుందో నేర్చుకున్నానని ఒప్పుకున్నవాడే. స్థానికుల పాత తెలివిని చదవగలగడం ఈ ఇద్దరికీ ఉమ్మడి గుణం. తేడా కూడా అంత పెద్దదే. కాటన్ వెనుక ఒక సామ్రాజ్యపు ఖజానా, శిస్తు లెక్కలు ఉన్నాయి. నకమురా వెనుక విరాళాల పుస్తకం ఉంది. అఫ్గాన్ పల్లెల్లో నీటిని వంతులవారీగా పంచే మీరాబ్ అనే మనిషి ఇంకా ఉన్నాడు. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరటి చేసే పని అదే. చెరువు పూడిక తీయడానికి ఊరంతా కదిలే కుడిమరామత్తు పద్ధతి దక్షిణాదిలో క్రమంగా క్షీణించింది. నీరు సర్కారుదయ్యాక మరమ్మతు కూడా సర్కారుదే అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టంతో నీటి సంఘాలు ఏర్పడ్డాయి. చట్టం సంఘాన్ని పుట్టించగలదు గానీ పార పట్టే అలవాటును పుట్టించలేదు. నకమురా ఆ అలవాటు చావని చోట పనిచేశాడు, దాన్ని చావనివ్వలేదు.

ప్రవాసంలో స్థిరపడిన తెలుగువారు, ముఖ్యంగా వైద్యులు, ఈ పుస్తకం చదవవలసిన కారణం ఇక్కడే ఉంది. పుట్టిన ఊరికి ఏదైనా చేయాలన్న తపన వారిలో నిజమైనది. ఆ తపన ఎక్కువగా తీసుకునే రూపాలు రెండు. ఒకటి సెలవుల్లో జరిపే ఉచిత వైద్య శిబిరం. రక్తపోటు, చక్కెర పరీక్షించి, కొద్ది రోజులకు సరిపడా మాత్రలిచ్చి వెళ్లే శిబిరం. రెండోది పేరు చెక్కిన శిలాఫలకంతో ఒక భవనమో, నీటిశుద్ధి యంత్రమో. ఆ యంత్రంలో పొర మార్చవలసిన రోజున ఊళ్లో ఎవరికీ ఆ పని రాదు. రక్తపోటుకు మందు జీవితాంతం కావాలని తెలిసిన వైద్యుడే కొద్ది రోజుల మాత్రలతో తృప్తిపడటం ఆలోచించవలసిన సంగతి. ఇది ఉదారతను తప్పుపట్టడం కాదు. దాత తిరిగి వెళ్లిన మరుసటి నెల ఊళ్లో ఏం మిగులుతుందన్న ప్రశ్నను పని మొదలుపెట్టే ముందే వేసుకోవాలని మాత్రమే. యుద్ధభూమిలో నిలబడి ఒక మనిషి వేసుకోగలిగిన ప్రశ్నను, శాంతి ఉన్న చోట వేసుకోవడానికి అడ్డేమిటి?

ఇంతా చెప్పాక, ఈ పుస్తకానికీ ఈ పద్ధతికీ ఉన్న హద్దులను దాటవేయడం న్యాయం కాదు. మొదటిది, ఇది దాదాపు పూర్తిగా మగవాళ్ల పుస్తకం. జిర్గాలో కూర్చునేది మగవాళ్లు, గట్టు కట్టేది మగవాళ్లు, మాట్లాడేది మగవాళ్లు. స్త్రీలు వైద్యశాల ముందు బిడ్డతో నిలబడినప్పుడో, దూరం నుంచి నీళ్లు మోస్తున్నప్పుడో తప్ప కనిపించరు. ఊరి ఆచారంలో తలదూర్చకపోవడం నకమురా బుద్ధిపూర్వకంగా పాటించిన నియమం. ఆ నియమం లేకపోతే కాలువ తొలి కిలోమీటరు కూడా దాటేది కాదేమో. కాలువ నీరు ఆ స్త్రీల మోత తగ్గించిందన్నదీ, వారి పిల్లలను బతికించిందన్నదీ నిజం. కానీ 2021 తరువాత ఆరో తరగతి దాటి చదవడానికి ఆడపిల్లలకు వీలులేని దేశంలో ఆ కాలువ పారుతున్నదన్నదీ అంతే నిజం. ఆకలి తీరడం శాంతికి పునాది, పూర్తి భవనం కాదు.

క్షేత్రస్థాయి శాంతికి వేరొక ముఖం కూడా ఉందని లైబీరియా గుర్తుచేస్తుంది. కునార్ ఒడ్డున కాలువ మొదలైన 2003లోనే, లేమా బోవీ నాయకత్వంలో లైబీరియా స్త్రీలు, క్రైస్తవులూ ముస్లిములూ కలిసి, తెల్లబట్టలు కట్టుకుని మన్రోవియా చేపల బజారు దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు. ఘానా రాజధాని ఆక్రాలో చర్చలు సాగదీస్తున్న నాయకులను, ఒప్పందం దాకా కదలనీయబోమని హాలు గుమ్మం దగ్గర అడ్డగించారు. ఆ ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2011లో బోవీకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అక్కడ పని ఆచారాన్ని గౌరవించడం కాదు, ధిక్కరించడం. ఏది సరైనదన్న పోటీ అనవసరం. ఊరి లోపలివారికి ధిక్కరించే హక్కు ఉంటుంది. బయటి నుంచి వచ్చినవాడికి ముందుగా వినే బాధ్యత ఉంటుంది. నకమురా తన స్థానాన్ని సరిగ్గా గుర్తించాడు. అయితే ఆయన మౌనాన్ని అందరికీ వర్తించే సూత్రంగా మార్చడం మాత్రం పొరపాటు.

రెండో హద్దు రచనకు సంబంధించినది. నకమురా సాహిత్యకారుడు కాదు. ఒకే వరదను, ఒకే కట్టు కూలడాన్ని పలుమార్లు వర్ణిస్తాడు. కట్టడాల వివరాలు కొన్నిచోట్ల నివేదికలా సాగి సహనాన్ని పరీక్షిస్తాయి. సహచర అఫ్గానుల వ్యక్తిత్వాలు మరింత నిండుగా వచ్చి ఉంటే బాగుండేది. అయినా ఈ లోపాల్లోనే పుస్తకపు నిజాయితీ కూడా ఉంది. కట్టు కూలిన ప్రతిసారీ ఎందుకు కూలిందో చెబుతాడు. మళ్లీ ఎలా కట్టారో చెబుతాడు. వీరగాథలు రాసేవారు సాధారణంగా మొదటిది చెప్పరు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష రచయిత మరణం తరువాతే వచ్చింది. పెద్ద వ్యక్తి చుట్టూ అల్లుకున్న సేవాసంస్థలు ఆ వ్యక్తితోనే ముగిసిపోవడం మామూలు. ఇక్కడ అలా జరగలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్న అఫ్గాన్ ఇంజనీర్లు, మేస్త్రీలు పని కొనసాగించారు. 2021 ఆగస్టులో ప్రభుత్వం కూలిపోయి తాలిబాన్ తిరిగొచ్చాక కొంత విరామం తరువాత పనులు మళ్లీ సాగాయి. కాబూల్‌లో ఒక గోడ మీది ఆయన బొమ్మపై కొత్త పాలకులు సున్నం కొట్టించారు. మరుసటి ఏడాది జలాలాబాద్‌లో అదే పాలనలో ఆయన పేరిట ఒక కూడలి వెలిసింది. బొమ్మ చెరిపినవారికీ నీళ్లు కావాలి. ఆ నీళ్లను ఎవరు తెచ్చారో అక్కడి రైతులకు తెలుసు. తెలిసినవారిని కాదని పాలించడం ఎవరికైనా కష్టమే.

కరువు, యుద్ధం, వలస ఒకదానినొకటి పెంచి పోషించే దేశాలు ఈనాడు ఒకటి కాదు. వాతావరణ మార్పుతో మంచు తరుగుతున్న కొండలు హిందూకుష్‌కే పరిమితం కాదు. అటువంటి కాలంలో ఈ పుస్తకం ఇచ్చేది ఓదార్పు కన్న విలువైనది. ఒక పని పద్ధతి. రోగం ఎక్కడ పుడుతుందో అక్కడికి వెళ్లు, అక్కడివాళ్లు ఎరిగిన రాయితో కట్టు, కూలినప్పుడు వాళ్లే మళ్లీ కట్టుకోగలిగేలా కట్టు. కునార్ వరద ప్రతి వేసవిలోనూ వస్తుంది, కొన్ని రాళ్లను పెకలించుకుపోతుంది. నీరు తగ్గగానే ఊరివాళ్లు తీగె, పారలు పట్టుకుని గట్టు మీదికి వెళ్తారు. ఆ దృశ్యంలో వైద్యుడు లేడు, ఉండనక్కరలేదు.